తెల్లవాడు వద్దన్న ఓడ

ఎదుటివానిని కలుపుకొని చెప్పడానికి 'మనం' అనీ, అతణ్ణి విడిచిపెట్టి చెప్పడానికి 'మేము' అనీ తెలుగులో మనకు రెండు మాటలున్నాయి. ఇంగ్లీషువాడికి ఈ భేదం లేదు. వాడు ఎవరిని కలుపుకొంటున్నాడో, ఎవరిని వాకిట్లో నిలబెడుతున్నాడో మాటను బట్టి తేలదు. ఏటా మొదటి సంవత్సరం విద్యార్థులకు ఈ పాఠం చెప్పేటప్పుడు, మా తాత ఒకనాడు అన్న మాటను ఉదాహరణగా చెబుతూ వుంటాను. ఉదాహరణగా చెప్పడం తేలికే. ఆయన ఆ మాట అన్ననాడు మాత్రం నేను ఆయనతో తగువు పడ్డాను. ఆ తగువులో న్యాయం ఎటువైపు వున్నదో తేల్చుకోవాలని చాలాకాలంగా అనుకొంటున్నాను. ఈ వ్యాసం అందుకోసమే.

మా తాత విశాఖపట్నం ఓడల కర్మాగారంలో పనిచేశాడు. అప్పట్లో దాన్ని సింధియా యార్డు అనేవారు. 1946లో, పద్దెనిమిదేళ్ళ ప్రాయంలో, రివెట్లు బిగించే జట్టులో చేరాడు. జట్టుకు నలుగురు. ఒకడు కొలిమిలో ఇనుప సీలను ఎర్రగా కాల్చి పట్టకారుతో విసురుతాడు. రెండవవాడు దానిని డబ్బాలో పట్టి, అంచులు ఒకదానిమీద ఒకటి వచ్చేట్టు పేర్చిన ఉక్కు రేకుల రంధ్రంలో దూరుస్తాడు. మూడవవాడు ఒకవైపునుంచి దానిని అదిమిపడతాడు. నాలుగవవాడు రెండవవైపున దాని కొసను కొట్టి చదును చేస్తాడు. సీల చల్లారేలోగా ఇదంతా అయిపోవాలి. చల్లారేకొద్దీ సీల కురచనై రెండు రేకులనూ దగ్గరకు లాగి బిగిస్తుంది. ఓడలోకి నీరు రాకుండా ఆపేది ఆ బిగువే. మా తాత డబ్బాతో సీలను పట్టే కుర్రవాడు.

నేను డిగ్రీ చదువుతున్న రోజుల్లో ఒక సాయంత్రం ఆయన వీధి అరుగుమీద కూర్చుని ఇరుగుపొరుగు పిల్లలకు ఓడ కథ చెబుతున్నాడు. "మన ఓడ నీల్లలోకి జారినప్పుడు..." అని మొదలుపెట్టాడు. అప్పుడప్పుడే నాలుగు పుస్తకాలు చదివి, వర్గాలు, వర్గ ప్రయోజనాలు అన్న మాటలు నోటికి వచ్చిన వయస్సు నాది. వూరుకోలేక, "మన ఓడేమిటి తాతా? సేఠ్ వాల్‌చంద్ హీరాచంద్ ఓడ అది. నువ్వు కూలికి పనిచేశావు, అంతే" అన్నాను.

ఆయన నావంక కాసేపు చూశాడు. కోపం తెచ్చుకోలేదు.

"సేటుదని నాకు తెల్దేట్రా? జీతం ఆడే కదా ఇచ్చినాడు. గానీ తెల్లోడు వద్దన్న ఓడ అది. ఆడు వద్దన్నది మేం సేసినాం. అందికే మన ఓడ అన్నాను."

నేను నవ్వి వూరుకొన్నాను. తన శ్రమ ఫలితం పరుల పాలవుతున్నదని ఎరుగని కార్మికుని అమాయకత్వం అని మనస్సులో ఒక పేరు కూడా పెట్టుకొన్నాను. ఆయన 2009లో పోయాడు. ఆ తర్వాత, పాఠాలు చెప్పుకొంటూ చరిత్ర పుస్తకాలు తిరగేస్తున్నప్పుడు, 'తెల్లోడు వద్దన్న ఓడ' అన్న మాటలో ఎంత నిజం వున్నదో చూద్దామనిపించింది. చూశాను. మా తాత ఆ మాటను ఎక్కువ చేసి చెప్పలేదు.

ఓడలు కట్టడం మనకు కొత్త విద్య కాదు. బొంబాయి రేవులో వాడియాలనే పార్సీ వడ్రంగులు బ్రిటిష్ నౌకాదళానికే టేకు కర్రతో యుద్ధనౌకలు కట్టి ఇచ్చారు. 1817లో అక్కడ జలప్రవేశం చేసిన ట్రింకోమలీ ఇప్పటికీ ఇంగ్లండులో నీటిమీద తేలుతూ, చూడవచ్చిన వారిని ఎక్కించుకొంటున్నది. మన గోదావరి ముఖద్వారాన కోరంగి ఓడలు కట్టడానికీ, బాగుచేయడానికీ పేరుపడ్డ రేవు. 1839 తుఫాను ఆ రేవును తుడిచిపెట్టింది. వూరు పోయినా పేరు పోలేదు. బర్మా వెళ్ళిన తెలుగు కూలీలను అక్కడివారు 'కోరంగీలు' అనే పిలిచారు. రంగూను రేవులో మూటలు మోసిన భుజాలు చాలావరకు మనవాళ్ళవే. చెక్క ఓడ పోయి ఇనుప ఓడ, తెరచాప పోయి ఆవిరి యంత్రం వచ్చేసరికి, ఓడలు కట్టిన జాతి ఓడలకు బరువులు మోసే జాతిగా మిగిలింది. ఇది దానంతట అది జరిగిన మార్పు కాదు. ఇనుమూ, యంత్రమూ, సముద్రమార్గమూ పాలకుల చేతిలో వున్నాయి.

1919లో వాల్‌చంద్ హీరాచంద్, నరోత్తమ్ మొరార్జీ ప్రభృతులు సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ స్థాపించారు. ఆ సంవత్సరం ఏప్రిల్ 5న వారి 'లాయల్టీ' ఓడ బొంబాయినుంచి లండనుకు బయలుదేరింది. ఆ రోజునే ఇప్పుడు మనం జాతీయ నౌకాయాన దినంగా జరుపుకొంటున్నాం. కాని మన తీరం వెంబడి సరుకు రవాణా అంతా బ్రిటిష్ కంపెనీల గుప్పిట్లో వుండేది. స్వదేశంలోని తీర వ్యాపారం స్వదేశపు ఓడలకే వుండాలని 1928లో కేంద్ర శాసనసభలో హాజీ ఒక బిల్లు తెచ్చాడు. అది చట్టం కాలేదు. పరాయి కంపెనీతో పోటీపడుతూ, పరాయి యార్డులో కట్టించిన ఓడలు కొని నడుపుకోవడం ఎంతకాలమని, స్వంతంగా ఓడలు కట్టాలన్న ఆలోచన ఆ కంపెనీకి వచ్చింది. కలకత్తాలో స్థలంకోసం ప్రయత్నించారు. అక్కడ కుదరక విశాఖపట్నం వచ్చారు. విశాఖ రేవు 1933లోనే తెరిచారు. అందులోకి మొదట ప్రవేశించిన 'జలదుర్గ' కూడా ఈ కంపెనీ ఓడే.

1941 జూన్ 21న విశాఖలో యార్డుకు శంకుస్థాపన జరిగింది. రాయి వేసినది వైస్రాయి కాదు, గవర్నరు కాదు. కాంగ్రెసు నాయకుడు బాబూ రాజేంద్రప్రసాద్. ఒకవైపు వ్యక్తి సత్యాగ్రహంలో జనం జైళ్ళకు వెళుతున్న రోజులవి. ఒక కర్మాగారానికి రాయి వేయడం కూడా ఆనాడు ఒకరకం సత్యాగ్రహమే అయింది. మరునాడు, జూన్ 22న, హిట్లరు సోవియట్ యూనియన్ మీద పడ్డాడు. ఆ రెండు తేదీలు పక్కపక్కనే వున్న సంగతి గమనించినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. మనలో ఎందరో పెద్దలకు యుద్ధం స్వభావం ఆ మరునాటినుంచే మారిపోయింది. విశాఖ ఇసుకలో ముందునాడు వేసిన రాయి సంగతి పెద్ద చర్చల్లో ఎక్కడో అడుగున పడిపోయింది.

యుద్ధం వస్తే ఓడలకు గిరాకీ రావాలి. జర్మను జలాంతర్గాములు అట్లాంటిక్‌లో బ్రిటిష్ ఓడలను ముంచుతున్నాయి. బ్రిటను కట్టుకొంటున్న ఓడలు మునుగుతున్న ఓడలకు చాలడం లేదు. 1940 డిసెంబరులో బ్రిటిష్ ప్రభుత్వం అమెరికాలో 60 ఓడలకు ఆర్డరిచ్చింది. అందులో సగం కట్టవలసిన కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్ యార్డు అప్పటికి ఇంకా పుట్టనే లేదు. బురదనేలలో యార్డు కట్టుకొని, ఆపైన ఓడలు కట్టాలి. దానిని చేపట్టిన హెన్రీ కైజర్ రోడ్లు, ఆనకట్టలు కట్టిన కాంట్రాక్టరు. ఓడల పనిలో పాతుకుపోయినవాడు కాడు. అయినా డబ్బు వచ్చింది, ఉక్కు వచ్చింది, యంత్రాలు వచ్చాయి. 1942 నవంబరులో ఆ రిచ్‌మండ్‌లోనే 'రాబర్ట్ ఇ. పియరీ' అనే ఓడను పని మొదలుపెట్టిన నాలుగున్నర రోజులు దాటి కొద్ది గంటలకే నీటిలోకి దించారు. ప్రచారంకోసం చేసిన పందెం అది, నిజమే. కాని ఆ రకం లిబర్టీ ఓడలు అమెరికాలో మొత్తం 2,710 తయారయ్యాయి.

వాల్‌చంద్ కూడా కాంట్రాక్టరుగా పైకి వచ్చినవాడే. రైలుదారులూ సొరంగాలూ కట్టినవాడే. ఆయన చేతిలో స్థలం వుంది, మూలధనం వుంది, అప్పటికే తేలుతున్న ఓడల కంపెనీ వుంది. లేనిదల్లా అనుమతి. యుద్ధకాలంలో ఉక్కు ఎవరికి ఎంత ఇవ్వాలో ప్రభుత్వం నిర్ణయిస్తుంది. యంత్రాలు విదేశాలనుంచి తెప్పించాలన్నా, వాటికి ఓడలో చోటు దొరకాలన్నా దాని సంతకం కావాలి. వద్దు అని నోటితో అనవలసిన పని లేదు. ఇవ్వకుండా వుంటే చాలు. పుట్టని యార్డుకు కాలిఫోర్నియాలో ఓడలు పురమాయించిన ప్రభుత్వమే, తన ఏలుబడిలోని విశాఖలో పుడుతున్న యార్డును చూడనట్టు వూరుకొంది. ఇదే వాల్‌చంద్ 1940లో మైసూరు సంస్థానం తోడ్పాటుతో బెంగుళూరులో విమానాల కర్మాగారం పెడితే, 1942లో ప్రభుత్వం దానిని తన చేతిలోకి తీసుకొన్నది. విమానాల మరమ్మతు యుద్ధానికి అవసరమైంది. భారతదేశం తన ఓడలు తాను కట్టుకోవడం మాత్రం, యుద్ధం తరువాత ఎవరి వ్యాపారానికి అడ్డమో పాలకులకు తెలుసు.

ఇంకొక సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. 1942లో జపాను వాళ్ళు వస్తారన్న భయంతో తూర్పు బెంగాలు తీరంలో ప్రభుత్వం పడవలను స్వాధీనం చేసుకొంది. పదిమందికి మించి పట్టే పడవలు వేలాదిగా పోయాయి. కొన్ని ముంచారు, కొన్ని పగలగొట్టారు, కొన్ని ఒడ్డునే చివికిపోయాయి. నదులే దారులైన దేశంలో పడవ పోతే జాలరి పని పోతుంది, ధాన్యం కదలదు. మరుసటి ఏడు బెంగాలులో లక్షలమంది ఆకలితో చచ్చిపోవడానికి గల కారణాల్లో ఇది ఒకటి. ఒక తీరంలో ఓడ కట్టనివ్వలేదు, ఇంకొక తీరంలో వున్న పడవను వుండనివ్వలేదు. ఈ రెండూ ఒకే యుద్ధకాలపు నౌకావిధానం అని విడదీయకుండా చూసినప్పుడే సామ్రాజ్యవాదం అన్న మాటకు అర్థం తెలుస్తుంది.

1942 ఏప్రిల్ 6న జపాను నౌకాదళం విమానాలు విశాఖమీదా కాకినాడమీదా బాంబులు వేశాయి. ఆ కొద్దిరోజుల్లోనే బంగాళాఖాతంలో ఇరవైకి పైగా సరుకు ఓడలు మునిగిపోయాయి. మా నాయనమ్మకు అప్పుడు పదేళ్ళు. పొయ్యిమీది అంబలి కుండను అట్లాగే వదిలి, తల్లి చెయ్యి పట్టుకొని విజయనగరం దారిన నడిచానని చెప్పేది. దారంతా బళ్ళూ, మూటలూ, ముసలివాళ్ళూ. రంగూనునుంచి అడవులవెంట నడిచి వచ్చిన మనవాళ్ళు ఒకవైపునుంచి వస్తూవుంటే, విశాఖనుంచి పారిపోయేవాళ్ళు ఇంకొకవైపు పోతున్నారట. వూరు ఖాళీ అయింది. యార్డు పని కుంటుపడింది. ఫాసిస్టుల బాంబు ఆ పనిమీద పడింది కొద్దిరోజులు. సామ్రాజ్యవాదుల మౌనం దానిమీద పడింది కొన్నేళ్ళు. ఆనాటి వాదోపవాదాలలో ఒకరు మొదటి శత్రువును చూసి రెండవవాణ్ణి మరిచారు, మరొకరు రెండవవాణ్ణి చూసి మొదటివాణ్ణి తేలిగ్గా తీసుకొన్నారు. విశాఖ యార్డు మాత్రం ఇద్దరి దెబ్బా తిన్నది.

యుద్ధం ముగిసింది. 1946 ఫిబ్రవరిలో బొంబాయిలో నావికులు తిరగబడ్డారు. ఆ మంట కరాచీకి, మద్రాసుకు, విశాఖకు పాకింది. అదే సంవత్సరం జూన్‌లో విశాఖ యార్డులో మొదటి పెద్ద ఓడకు అడుగుదూలం వేశారు. అమెరికా వేల ఓడలు దించి, యుద్ధం గెలిచి, యార్డులు మూసుకొంటున్న వేళకు మనం మొదటి దూలం వేశాం. మా తాత చేరింది అప్పుడే. ఓడకు గుండెకాయ అయిన ఇంజను విదేశంనుంచే రావలసివచ్చింది. ఒళ్ళు మాత్రం ఇక్కడే తయారైంది. రేకు తరువాత రేకు, సీల తరువాత సీల.

1948 మార్చి 14న జవహర్లాల్ నెహ్రూ వచ్చి దానిని జలప్రవేశం చేయించాడు. పేరు 'జలఉష'. 8,000 టన్నుల ఓడ. యుద్ధకాలంలో మన భారీ పరిశ్రమల కాళ్ళకు వేసిన బంధాలను గురించి అహమ్మద్‌నగర్ కోటలో ఖైదీగా వుండి రాసిన నెహ్రూయే, నాలుగేళ్ళ తరువాత ప్రధానిగా వచ్చి ఆ ఓడను సాగనంపాడు. పత్రికలు, ఫొటోలు, ప్రసంగాలు అన్నీ వున్నాయి. వాటిలో లేని ఒక వివరం నాకు మా తాత చెప్పాడు.

"అందరూ సప్పట్లు కొట్టినారు. మేం కొట్టనేదు. మా కల్లన్నీ మేం సీలలు కొట్టిన కాడే వున్నాయి. కొవ్వు రాసిన దూలాలమీద జర్రున జారిపోయింది. నీల్లలో ఒకపాలి వొంగి లేసింది. అది నిలబడ్డాక అప్పుడు గాలి పీల్సుకున్నాం. అప్పటికి సప్పట్లు అయిపోయినాయి."

ఈ నాలుగు ముక్కలు తలచుకొన్నప్పుడల్లా, మన సాహిత్యంలో ఏది వున్నదో, ఏది లేదో స్పష్టంగా కనిపిస్తుంది. విశాఖ మనకు తక్కువ రచయితలను ఇవ్వలేదు. శ్రీశ్రీ ఆ వూళ్ళో పుట్టాడు. ఆ వూరి కోర్టు వరండాలనూ, సారా చుట్టూ తిరిగే లోకాన్నీ రావిశాస్త్రి మనకు కళ్ళకు కట్టించాడు. కాని నేను చదివినంతలో, ఎర్రగా కాలిన సీలను డబ్బాలో పట్టే కుర్రవాడు మన కథల్లో నాకు ఎదురుకాలేదు. కార్మికుని ఆకలిని రాశాం. అతని సమ్మెను రాశాం. ఆ రెండూ రాయవలసినవే. అతని పనిని మాత్రం అరుదుగా రాశాం. పని తెలియనిదే పనివాడు ఎట్లా తెలుస్తాడు? చప్పట్లు కొట్టక, ఊపిరి బిగబట్టి తాను బిగించిన చోటునే చూస్తూ నిలబడ్డ మనిషిలో ఏముందో తెలియాలంటే, సీల చల్లారేకొద్దీ బిగుస్తుందన్న సంగతి ముందు తెలియాలి. ఈ అజ్ఞానంలో నాకూ పెద్ద వాటా వుంది. ఆయన మనుమణ్ణి అయివుండి, ఆయన పనికి సిద్ధాంతం చెప్పాను కాని పనిని అడిగి తెలుసుకోలేదు.

అయితే మా తాత మాటను మెచ్చుకొని వాల్‌చంద్‌కు హారతి పడదామని నేననడంలేదు. సేఠ్ లాభంకోసమే యార్డు పెట్టాడు. ఓడలు కట్టే పరిశ్రమను లాభం ఒక్కటే నిలబెట్టలేదని అనతికాలంలోనే తేలింది. 1952లో ప్రభుత్వం ఎక్కువ వాటా తీసుకొని హిందుస్థాన్ షిప్‌యార్డు ఏర్పాటు చేసింది. 1961లో అది పూర్తిగా ప్రభుత్వపరమైంది. 2010లో రక్షణశాఖ కిందికి వెళ్ళింది. 2023లో నౌకాదళానికి అయిదు పెద్ద సహాయక నౌకలు కట్టే ఒప్పందం దానికి దక్కింది. యుద్ధకాలంలో పుట్టి, యుద్ధానికి పనికిరాదనిపించుకొన్న యార్డు, శాంతికాలంలో నౌకాదళపు యార్డుగా మారింది.

సేఠ్ పేరు పోయి ప్రభుత్వం పేరు వచ్చింది గనుక అది తనంతట తానే 'మనది' అయిపోయిందని కూడా నేను నమ్మడంలేదు. ఏ కర్మాగారమైనా ఎవరో ఒకరి నేలమీదనే లేస్తుంది. ఎవరో ఒకరి చేతులమీదుగానే నడుస్తుంది. ఆ 'ఎవరో' లెక్కలోకి వచ్చినప్పుడే ఆ మాటకు అర్థం. ఫలకం మీద పేరు మారడం ఒక అడుగు. ఆ అడుగు చిన్నదీ కాదు, చివరిదీ కాదు.

మళ్ళీ ఆ రెండు మాటల దగ్గరకు వస్తాను. 'మేం సేసినాం, మన ఓడ' అన్నాడు మా తాత. చేసిన పని దగ్గరకు వచ్చేసరికి 'మేము' అన్నాడు. అక్కడ నాకు చోటు లేదు. వుండకూడదు కూడా. నేను సీల పట్టలేదు. ఓడ దగ్గరకు వచ్చేసరికి 'మన' అన్నాడు. అక్కడ అరుగుమీది పిల్లలున్నారు, వాదించే నేనున్నాను. పరాయివాడు కాదన్నదానిని తాము చేసి, దానిలో చేయనివారికి కూడా భాగం ఇచ్చాడు. హక్కుపత్రం ఎవరి పేర వున్నదో ఆయనకు నాకంటే బాగా తెలుసు. అయినా ఆ పత్రం చెప్పనిదేదో ఆ విభక్తిలో చెప్పాడు. నేను దానిని అమాయకత్వం అన్నాను. వ్యాకరణం చదివింది నేను, వాడింది ఆయన.

పోయిన సంవత్సరం తరగతిలో ఈ వాక్యం నల్లబల్లమీద రాసి, పై వివరణ అంతా చెప్పాను. వెనుక బల్లనుంచి ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ, ఆ 'మేం'లో ఎవరెవరున్నారు?" అని అడిగింది.

నలుగురు, అన్నాను. సీలను కాల్చినవాడు, పట్టినవాడు, అదిమినవాడు, కొట్టినవాడు. "పేర్లు?" అంది. మా తాత పేరు చెప్పాను. తక్కిన ముగ్గురి పేర్లు నాకు తెలియవు. అడిగితే చెప్పే మనిషి ఇరవయ్యేళ్ళు నా ఎదుటనే అరుగుమీద కూర్చున్నాడు. నేను ఓడ ఎవరిదని ఆయనతో వాదించాను కాని, ఆ పేర్లు అడగలేదు.